కళాభారతిలో గురువుగారి వయొలిన్ కచేరీ: చేతి రికార్డరుతో చక్కగా పట్టుకోవడం ఎలా?

వాల్తేరు కమాను · ఆదివారం, రాత్రి 9:12

సభ్యులందరికీ నమస్కారం. మా గురువుగారికి ఇప్పుడు డెబ్బై ఆరేళ్లు. వచ్చే శనివారం సాయంత్రం పిఠాపురం కాలనీలోని కళాభారతిలో ఆయన వయొలిన్ కచేరీ ఉంది. ఇంత నిడివి గల కచేరీ ఇకపై ఒప్పుకోనని ఆయనే అన్నారు కాబట్టి, దీన్ని మంచి నాణ్యతతో పదిలపరచాలని శిష్యులం అనుకుంటున్నాం. నా దగ్గర అరచేతిలో ఇమిడే డిజిటల్ రికార్డరు ఒకటి ఉంది. దాని నెత్తిన రెండు మైకులు ఎక్స్ అక్షరం ఆకారంలో అడ్డంగా అమర్చి ఉంటాయి. 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ వరకు డబ్ల్యూఏవీ ఫైలు చేస్తుంది. 3.5 మిల్లీమీటర్ల లైన్ ఇన్ (బయటి యంత్రం నుంచి తీగతో శబ్దం తీసుకునే రంధ్రం) కూడా ఉంది.

గత నెలలో ఒక గుడి మండపంలో చేసిన ప్రయత్నం పూర్తిగా చెడిపోయింది. మొదటి వరుసలో కూర్చుని రికార్డరును ఒళ్లో పెట్టుకున్నాను. ఇంటికి వచ్చి వింటే, మృదంగం మీద గట్టి దెబ్బ పడినప్పుడల్లా వయొలిన్ బావిలోకి జారినట్లు అణగిపోయి, రెండు క్షణాల తర్వాత మెల్లగా పైకి తేలుతోంది. మంద్రంలో ఆలాపన నడుస్తున్నంతసేపూ ఫ్యాను రొద, పక్కాయన తొడ మీద వేసిన తాళం, నా చొక్కా గుండీ రికార్డరుకు తగిలిన చప్పుడు పెద్దవై వినిపించాయి. తప్పు యంత్రానిదా, నాదా? కొత్త రికార్డరు కొనవలసి వస్తే కొంటాను, కానీ అది అవసరమో కాదో ముందు తెలుసుకోవాలని ఉంది.

పాతటేపు · ఆదివారం, రాత్రి 10:05

తప్పు మీదేనండి, అందువల్ల కొత్త యంత్రం కొనవలసిన పని లేదు. ఒళ్లో పెట్టుకున్న రికార్డరు మీ ఊపిరిని, మీ బట్టలను, మీ పొట్ట గుడగుడను కూడా రికార్డు చేస్తుంది. దానికి చిన్న స్టాండు కావాలి. స్టాండు లేకపోతే గిన్నెలు తోమే స్పాంజి ముక్క మీదైనా నిలబెట్టండి, కుర్చీ చెక్క మీద మాత్రం నేరుగా పెట్టకండి.

అంతకంటే ముందు చేయవలసిన పని అనుమతి తీసుకోవడం. గురువుగారు సరే అన్నారు గదా అని ఊరుకోకండి. సభ నిర్వాహకులను, మృదంగం వాయించే వారిని, ఘటం ఉంటే ఆయననూ విడివిడిగా అడగండి. అనుమతి ఉన్నవాడు మైకు స్టాండును నచ్చినచోట నిలబెట్టుకోగలడు, లేనివాడు తువ్వాలు కింద దాచుకుని ఒళ్లో పెట్టుకుంటాడు. మీ మండపం రికార్డింగు ఎందుకు అలా వచ్చిందో ఇందులోనే సగం ఉంది.

నేను కేసెట్ల కాలం నుంచి ఈ పని చేస్తున్నాను. సీ-90 కేసెట్టులో ఒక పక్కకు 45 నిమిషాలు. ఆలాపన మధ్యలో టేపు అయిపోతుందేమోనని కచేరీ పొడుగునా సంగీతం కంటే గడియారాన్నే ఎక్కువ చూసేవాళ్లం. తర్వాత 1992లో మార్కెట్లోకి వచ్చిన మినీడిస్కుల వంతు. వాటిలో 74 నిమిషాలు పట్టేవి. ఒకసారి సరిగ్గా తని ఆవర్తనం (మృదంగం వంటి లయవాద్యాలు మాత్రమే వాయించే ఘట్టం) కోర్వై దగ్గర డిస్కు నిండిపోయింది. ఆ ముక్తాయింపు ఏమిటో నాకు ఈనాటికీ తెలియదు. మీకిప్పుడు ఆ బాధలు లేవు, అందుకే చెవులతో కూర్చునే చోటు చూసుకోండి.

తొప్పివైపు · సోమవారం, ఉదయం 6:48

నేను మృదంగం వాయిస్తాను కనుక మా వైపు నుంచి రెండు మాటలు చెబుతాను. మీరు వర్ణించిన బావిలోకి జారే లక్షణం ఆటో లెవెల్ వల్ల వచ్చింది. శబ్దం పెద్దదైతే రికార్డరు తానే తగ్గిస్తుంది, చిన్నదైతే తానే పెంచుతుంది. మాటలు రికార్డు చేయడానికి అది పనికొస్తుంది గానీ, చాపు దెబ్బకు వయొలిన్ తల వంచవలసిన కచేరీలో పనికిరాదు. మెనూలో దాన్ని ఆపేయండి. పక్కనే లిమిటర్ (హద్దు దాటే శబ్దాన్ని అణిచేది), లో కట్ (కింది స్థాయి శబ్దాలను కోసేది) అని ఉంటాయి. లిమిటర్‌ను మీ ఇష్టానికి వదిలేస్తాను, లో కట్ మాత్రం లోపలి హాలులో వద్దు. తొప్పి, అంటే మృదంగం ఎడమ ముఖం మీద పలికే గుమికి అనే లోతైన నాదం అంతా ఆ కింది స్థాయిలోనే ఉంటుంది, దాన్ని కోసేస్తే మృదంగం డబ్బా మీద కొట్టినట్లు వినబడుతుంది.

లెవెల్ ఎంత పెట్టాలంటే, కచేరీ మొత్తంలో అతి పెద్ద దెబ్బ మైనస్ 12 డెసిబెల్ దగ్గర ఆగాలి (మీటరులో సున్నా హద్దు, అది దాటితే శబ్దం పగులుతుంది). శృతి చేసుకునేటప్పుడు చూసి లెవెల్ పెడితే మోసపోతారు, ఎందుకంటే అప్పుడు మేమెవ్వరం నిండుగా వాయించం. చప్పట్లను కూడా లెక్కలో ఉంచుకోండి. మీటరు తక్కువ చూపిస్తోందని భయపడవద్దు. 16 బిట్లకు సిద్ధాంతరీత్యా 96 డెసిబెల్ పరిధి ఉంటుంది, 24 బిట్లకు కాగితం మీద 144 ఉంటుంది. చేతి రికార్డరు అంత ఇవ్వలేకపోయినా, 12 డెసిబెల్ ఖాళీ వదిలినందువల్ల మీరు కోల్పోయేది ఏమీ ఉండదు. హాలులో ఫ్యాన్లు, ఏసీలు చేసే రొద దానికంటే చాలా పైనే ఉంటుంది.

ఇక కూర్చునే వరుస. మేము సాధారణంగా ప్రధాన కళాకారుడి కుడిచేతి వైపు, అంటే శ్రోతలకు ఎడమవైపున కూర్చుంటాం. వలంతల, అంటే కుడి ముఖం సభ వైపు తిరిగి ఉంటుంది, తొప్పి వెనుక గోడ వైపు పోతుంది. మొదటి వరుసలో ఎడమ పక్కన కూర్చుంటే మీకు వలంతల మీది చాపు, నంకారం అనే దెబ్బలు చెవిలో గుచ్చుకుంటాయి గానీ తొప్పి అందదు. నడిమిన, కొంచెం ఎత్తులో పెట్టండి.

సౌండ్ బల్ల · సోమవారం, మధ్యాహ్నం 2:30

నా వృత్తి మైక్‌సెట్టు నడపడం. విశాఖలో చాలా హాళ్లలో పనిచేశాను. రసికులు సాధారణంగా కచేరీ మొదలయ్యే రెండు నిమిషాల ముందు నా దగ్గరకు వచ్చి, ఏదో ఒక తీగ చేతిలో పట్టుకుని, ‘ఇందులోకి కొంచెం ఇవ్వండి’ అంటారు. ఆ సమయంలో నేను మానిటర్ బాక్సు ఈల వేయకుండా చూసుకుంటూ ఉంటాను. మీరు శుక్రవారమే ఫోను చేసి మాట్లాడుకుంటే ఏ ఆపరేటరైనా కాదనడు.

మిక్సర్ నుంచి నేరుగా తీసుకుంటే ఫ్యాను చప్పుడు, దగ్గులు ఉండవన్న మాట నిజం. కానీ రెండు సంగతులు తెలుసుకోండి. మొదటిది, మిక్సర్‌లో ఉండేది హాలుకు అవసరమైన మిశ్రమం. మృదంగం స్టేజి మీద నుంచే గట్టిగా వినిపిస్తే నేను దాని ఫేడరు (శబ్దం పెంచి తగ్గించే మీట) సగానికి దించుతాను. ఆ లైనులో మీకు వయొలిన్ ముక్కు మీదికి వస్తుంది, మృదంగం పక్కింట్లో మోగినట్లు ఉంటుంది. హాలు ఊపిరి ఉండదు.

రెండవది తీగ సంగతి. వృత్తి మిక్సర్ల నుంచి వచ్చే ఎక్స్ఎల్ఆర్ అవుట్‌పుట్ బ్యాలెన్స్‌డ్‌గా ఉంటుంది, అంటే ఒకే శబ్దం రెండు తీగల మీద ఎదురెదురు దిశల్లో నడుస్తుంది. దాన్ని తెలియక స్టీరియో 3.5 జాక్‌కు కలిపితే ఎడమ చానల్‌లో ఒక దిశ, కుడి చానల్‌లో దాని తలకిందుల రూపం పడుతుంది. హెడ్‌ఫోన్లలో ఏదో వెడల్పుగా ఉన్నట్లే ఉంటుంది. కొన్నేళ్ల క్రితం ఒకాయన అలా రికార్డు చేసుకుని, మర్నాడు ఒకే స్పీకరు ఉన్న ఫోనులో బంధువులకు వినిపించబోతే రెండు చానళ్లు ఒకదాన్నొకటి కొట్టేసుకుని దాదాపు నిశ్శబ్దమే వచ్చింది. మైకు ఎత్తుకుపోయినట్లు నా మీద కేకలు వేశాడు. ఒక చానల్‌ను తీసేసి రెండవదాన్ని రెండు వైపులా ఉంచితే సరిపోతుందని చెప్పేదాకా వినలేదు. అందుకని సరైన తీగ అడిగి చేయించుకోండి. మిక్సర్ ఇచ్చే బలమైన లైన్ స్థాయి సంకేతాన్ని మైక్ ఇన్‌లోకి గుచ్చకండి, మొదటి స్వరానికే పగిలిపోతుంది. రికార్డరులో ఫాంటమ్ పవర్ (తీగ ద్వారా మైకుకు కరెంటు పంపే ఏర్పాటు) ఉంటే ఆపేసి ఉంచండి, మా వైపున దాని అవసరం లేదు. హమ్ వినిపిస్తే అది 50 హెర్ట్జ్ కరెంటు రొద. రికార్డరును ఛార్జరు మీద కాకుండా బ్యాటరీ మీద నడిపితే చాలావరకు పోతుంది.

వాల్తేరు కమాను · సోమవారం, రాత్రి 8:20

ఇంత ఓపికగా చెప్పినందుకు అందరికీ కృతజ్ఞతలు. నిర్వాహకులతోను, మృదంగం వారితోను మాట్లాడాను, ఇద్దరూ అంగీకరించారు. మృదంగం వారు తని మాత్రం తనకు విడిగా పంపమన్నారు. ఇప్పుడు నాకు మిగిలిన సందేహం ఒక్కటే. మిక్సర్ లైను తీసుకోవాలా, మైకులతో గాలిలో పట్టుకోవాలా? నా తోటి శిష్యుడి దగ్గర ఇంకొక రికార్డరు ఉంది కాబట్టి రెండూ చేయడానికి వీలుంది.

సౌండ్ బల్ల · సోమవారం, రాత్రి 9:02

వీలుంటే రెండూ చేయండి, తర్వాత కలుపుకోవచ్చు. కలపడంలో రెండు చిక్కులున్నాయి. మన ఊరి ఉష్ణోగ్రతలో శబ్దం సెకనుకు దాదాపు 348 మీటర్లు ప్రయాణిస్తుంది. మీ మైకు స్పీకర్లకు 15 మీటర్ల దూరంలో ఉంటే తీగలో వచ్చిన శబ్దం కంటే గాలిలో వచ్చినది 43 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. సరిచేయకుండా కలిపితే ప్రతి మీటూ రెండుసార్లు వినిపిస్తుంది. రెండవ చిక్కు, రెండు రికార్డర్ల గడియారాలు ఎన్నడూ సమానంగా నడవవు. పది లక్షలకు 20 వంతుల తేడా చాలా మామూలు విషయం. రెండున్నర గంటల కచేరీ చివరికి అది 180 మిల్లీసెకన్లు అవుతుంది. మొదట్లో అతికినట్లు కుదిరినది మంగళం దగ్గరకు వచ్చేసరికి ఇద్దరు మృదంగం వాళ్లు వాయిస్తున్నట్లు ఉంటుంది. మొదట్లో ఒకసారి, చివర్లో ఒకసారి గట్టిగా చప్పట్లు కొట్టి గుర్తు పెట్టుకోండి. ఆ రెండు గుర్తుల మధ్య ఒక ఫైలును అతి స్వల్పంగా సాగదీస్తే సరిపోతుంది.

గాజువాక రసికుడు · సోమవారం, రాత్రి 11:15

ఇంత లెక్కలు ఎందుకండీ? ఇప్పుడు 32 బిట్ ఫ్లోట్ రికార్డర్లు వచ్చేశాయి. 2022లో వచ్చిన జూమ్ ఎఫ్3లో లెవెల్ తిప్పే గుండీయే ఉండదు. 2024లో అదే సంస్థ హెచ్1 ఎసెన్షియల్ అనే చిన్న రికార్డరులో కూడా ఇదే పద్ధతి పెట్టింది. ఎంత గట్టిగా వాయించినా ఫైలు పగలదు, ఎంత మెల్లగా వాయించినా తర్వాత పెంచుకోవచ్చు. నేను లెవెల్ గురించి ఆలోచించడం మానేసి చాలా కాలమైంది. కొనగలిగితే అదే కొనమని నా సలహా.

తొప్పివైపు · మంగళవారం, ఉదయం 6:30

రసికుడు గారూ, మీరు చెప్పినది ఫైలుకు సంబంధించినంతవరకు నిజం. కానీ పగలడం ఫైలులోనే జరగాలని లేదు. మైకుకు తనదంటూ ఒక హద్దు ఉంటుంది. నాదస్వరం, డోలు పక్కన ఒక గజం దూరంలో చేతి రికార్డరు పెడితే మైకు లోపలే శబ్దం చితికిపోతుంది, చితికినదాన్ని 32 బిట్లలో ఎంత పవిత్రంగా భద్రపరిస్తే ఏం లాభం? అలాగే మీ పద్ధతిలో వయొలిన్ కంటే ఫ్యాను దగ్గరగా ఉంటే, తర్వాత పెంచినప్పుడు రెండూ కలిసే పెరుగుతాయి. కమాను గారి దగ్గర ఉన్న యంత్రం ఈ కచేరీకి చాలు. ఆ డబ్బుతో రెండు మీటర్ల పైకి లేచే స్టాండు కొనుక్కోమని నేను అంటాను.

గాజువాక రసికుడు · మంగళవారం, ఉదయం 9:10

స్టాండు సంగతి ఒప్పుకుంటాను. మిగతాది ఒప్పుకోను. మూడు గంటలపాటు మీటరు వైపు చూస్తూ కూర్చున్నవాడు కచేరీ విన్నట్లు కాదు.

ఒక జాగ్రత్త మాత్రం చెప్పాలి. 32 బిట్లు, 48 కిలోహెర్ట్జ్ స్టీరియోకు గంటకు దాదాపు 1.4 గిగాబైట్లు పడుతుంది. 24 బిట్లకు గంటకు ఒక గిగాబైటు పైచిలుకు. చాలా రికార్డర్లు 2 లేదా 4 గిగాబైట్ల దగ్గర ఫైలును తెంచి కొత్తది మొదలుపెడతాయి. 24 బిట్లలో 2 గిగాబైట్లంటే రెండు గంటల నాలుగు నిమిషాలు. అతుకు దగ్గర శబ్దం పోతుందో లేదో ఇంట్లో రేడియో పెట్టి ముందే పరీక్షించుకోండి. అనుమానంగా ఉంటే విరామంలో మీరే ఆపి మళ్లీ మొదలుపెట్టండి.

పాతటేపు · మంగళవారం, సాయంత్రం 5:40

మైకు ఎక్కడ అన్నదాని మీద నా అనుభవం చెబుతాను. మూల శబ్దం నుంచి దూరం రెట్టింపు అయినప్పుడల్లా నేరుగా వచ్చే శబ్దం 6 డెసిబెల్ తగ్గుతుంది. హాలు ప్రతిధ్వని మాత్రం అంతటా ఇంచుమించు ఒకేలా ఉంటుంది. అందుచేత వెనక్కి పోయేకొద్దీ మీకు వినిపించేది గోడలే. నిర్వాహకులు ఒప్పుకున్నారు కాబట్టి వేదిక అంచుకు రెండు మీటర్ల ఇవతల, నడిమిన, మనిషి ఎత్తుకు కాస్త పైన పెట్టి కిందికి వంచండి. అక్కడ వేదిక మీది అసలు వయొలిన్ నాదమే అందుతుంది. పక్కల ఉన్న స్పీకర్లు ఆ చోటికి ఎక్కువ అందవు, వాటి కొరతను మిక్సర్ లైను తీరుస్తుంది. అనుమతి లేని కచేరీలకైతే అయిదారు వరుసల వెనుక, రెండు స్పీకర్లకూ సమాన దూరంలో ఉన్న నడిమి కుర్చీ మేలు.

బయటి మైకులు రెండు విడిగా ఉన్నవారు వాటి మధ్య 17 సెంటీమీటర్లు, 110 డిగ్రీల కోణం ఉంచి చూడండి. ఫ్రెంచి రేడియో వాళ్ల పద్ధతి అది. మీ రికార్డరు మైకులు కదలవు కాబట్టి మీకు ఆ గొడవ లేదు.

శబ్దం పట్టుకోవడం ఒక ఎత్తు, దాన్ని నిలబెట్టుకోవడం ఒక ఎత్తు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చిన నాడు మా ఇంటి కిటికీ పగిలి గదిలోకి వాన నీరు కొట్టింది. అలమరలోని కేసెట్లు, వాటిని కంప్యూటరులోకి ఎక్కించిన హార్డు డిస్కు ఒకే అరలో పక్కపక్కనే ఉన్నాయి. రెండూ కలిసే పోయాయి. నకలు తీశానన్న ధీమాతో ఉన్నవాణ్ని, దాన్ని అసలు పక్కనే పెట్టుకున్నాను. ఇప్పుడు మూడు కాపీలు చేస్తాను, వాటిలో ఒకటి హైదరాబాదులో మా అమ్మాయి దగ్గర ఉంటుంది. మన సముద్రపు తేమకు మైకులు కూడా పాడవుతాయి, డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేసి ఉంచండి.

చివరగా, రెండవ కార్డు ఒకటి జేబులో ఉంచుకోండి. కార్డును రికార్డరులోనే ఫార్మాట్ చేయండి, కంప్యూటరులో కాదు. మధ్యలో ఏదైనా తేడా వస్తే ఆ కార్డు తీసి జేబులో వేసుకుని రెండవది పెట్టండి. దెబ్బతిన్న కార్డు మీద మళ్లీ ఒక్క అక్షరం కూడా రాయనివ్వకండి. రీచార్జి బ్యాటరీలు వాడితే మెనూలో ఆ రకాన్నే ఎంచుకోండి. అవి 1.2 వోల్టులవి. మామూలు 1.5 వోల్టులవని రికార్డరు అనుకుంటే నిండా ఉన్నా అయిపోయాయని చూపిస్తుంది.

భీమిలి గాలి · మంగళవారం, రాత్రి 7:55

సందర్భం వచ్చింది కాబట్టి బీచ్ రోడ్డున ఆరుబయట రికార్డు చేసేవారికి ఒక్క మాట. సాయంత్రం సముద్రపు గాలికి నల్ల స్పాంజి తొడుగు ఆగదు, బొచ్చు తొడుగు కావాలి. గాలి దెబ్బకు మైకు పగిలిన తర్వాత లో కట్ పెట్టినా, కంప్యూటరులో సరిచేసినా గుడగుడ పోదు. బొచ్చు తొడుగు దొరకనప్పుడు పాత చలికోటు టోపీ అంచుకు ఉండే బొచ్చుతో మా ఆవిడ కుట్టి ఇచ్చింది, ఇప్పటికీ అదే వాడుతున్నాను.

సీతమ్మధార శ్రోత · బుధవారం, ఉదయం 10:20

రికార్డు చేసినదాన్ని యూట్యూబులో పెట్టవచ్చా? త్యాగరాజస్వామి కృతులకు కాపీరైటు లేదు కదా?

పాతటేపు · బుధవారం, మధ్యాహ్నం 12:15

కృతులకు లేదు, వాయించినవారికి ఉంది. 1957 నాటి కాపీరైటు చట్టానికి 1994లో చేసిన సవరణతో 38వ సెక్షను కింద ప్రదర్శకుల హక్కు వచ్చింది. అది ప్రదర్శన జరిగిన మరుసటి ఏడాది మొదలు నుంచి 50 ఏళ్లు ఉంటుంది. సొంత వినికిడి కోసం చేసుకునే రికార్డింగునూ, నిజాయితీగా బోధనకు, పరిశోధనకు మాత్రమే చేసుకునే రికార్డింగునూ 39వ సెక్షను మినహాయించింది. యూట్యూబులో పెట్టడం సొంత వినికిడి కాదు. ప్రధాన కళాకారుడు ఒప్పుకున్నంత మాత్రాన పక్కవాద్యాల వారు ఒప్పుకున్నట్లు కూడా కాదు.

అమెరికాలో గ్రేట్‌ఫుల్ డెడ్ అనే రాక్ బృందం 1984లో తమ కచేరీల్లో టేపు చేసుకునే శ్రోతలకు సౌండ్ బల్ల వెనుక విడిగా చోటు కేటాయించింది. అమ్ముకోవద్దు, పంచుకోండి అన్నది అక్కడి మర్యాద. మన దగ్గర అలాంటి ఏర్పాటు లేకపోయినా రసికుల మధ్య టేపులు చేతులు మారడం పాత అలవాటే. విజయనగరం మహారాజా వారి సంగీత కళాశాలకు ప్రిన్సిపాలుగా పనిచేసిన ద్వారం వేంకటస్వామి నాయుడు గారు 1964లో కాలం చేశారు. ఆయన కమాను నాదం ఎలా ఉండేదో నా తరం వాళ్లం తెలుసుకున్నది గ్రామఫోను రికార్డుల మీద, మూడు నాలుగు నిమిషాల ముక్కల్లో. నాలుగు గంటల కచేరీలో ఆయన ఎలా ఊపిరి తీసుకునేవారో ఆ ముక్కలు చెప్పవు.

వాల్తేరు కమాను · శనివారం, రాత్రి 11:48

కచేరీ అద్భుతంగా జరిగింది. కానీ నేను పెద్ద చిక్కులో ఉన్నాను.

స్టాండు వేదికకు రెండు మీటర్ల దూరంలో, ఏడడుగుల ఎత్తులో పెట్టాను. రెండవ రికార్డరు మిక్సర్ దగ్గర, ఆపరేటరు గారు ఇచ్చిన తీగతో నడిచింది. లెవెల్ మైనస్ 12 దాటలేదు. గంటా నలభై నిమిషాల దగ్గర సన్మానం మొదలై, శాలువా కప్పుతుండగా ఫొటోలు తీసేవారు ముందుకు తోసుకుని వచ్చారు. వారిలో ఒకరి కాలు స్టాండుకు తగిలింది. రికార్డరు కింద పడలేదు గానీ బ్యాటరీ మూత ఊడి ఆగిపోయింది. పాతటేపు గారి మాట గుర్తొచ్చి ఆ కార్డు తీసి జేబులో వేసుకుని, రెండవ కార్డు పెట్టి మిగతా కచేరీ రికార్డు చేశాను. ఇంటికి వచ్చి మొదటి కార్డు చూస్తే ఫైలు పేరు ఉంది, పరిమాణం సున్నా అని చూపిస్తోంది. తోడి ఆలాపన, తని ఆవర్తనం అందులోనే ఉన్నాయి. మిక్సర్ లైను క్షేమంగానే ఉంది, కానీ సౌండ్ బల్ల గారు చెప్పినట్లే మృదంగం పక్కింట్లో ఉంది.

సౌండ్ బల్ల · ఆదివారం, అర్ధరాత్రి 12:20

కంగారు పడకండి. కార్డుకు అంచున తాళం మీట ఉంటే దాన్ని జరపండి. శబ్దం కార్డు మీదే ఉంది, అది ఎంత పొడవో రాసుకునే వ్యవధి మాత్రం రికార్డరుకు దొరకలేదు. మీరు కొత్తగా ఫార్మాట్ చేసిన కార్డు కాబట్టి అంతా వరుసగా ఒకేచోట రాసి ఉంటుంది.

మొత్తం కార్డును ఒక ఇమేజ్ ఫైలుగా, అంటే బైటు బైటుకూ ఉన్నదున్నట్లు నకలుగా కంప్యూటరులోకి తీసుకోండి. తర్వాత శబ్దాన్ని సవరించే ఆడాసిటీ అనే సాఫ్ట్‌వేరులో రా డేటా దిగుమతి అనే అంశం ఉంటుంది, ఆ ఇమేజ్‌ను అందులో తెరవండి. 24 బిట్ పీసీఎం, లిటిల్ ఎండియన్, రెండు చానళ్లు, 48000 అని ఎంచుకోండి. మీది 32 గిగాబైట్ల కార్డు అయితే మొదటి 7 శాతం చాలు, ఎంత శాతం తేవాలో అక్కడే అడుగుతుంది. ఒక నమూనాకు మూడు బైట్లు, రెండు చానళ్లకు కలిపి ఆరు. మొదలుపెట్టే బైటు తప్పితే మీకు వాన చప్పుడు తప్ప ఏమీ వినబడదు. సున్నా నుంచి ఒక్కొక్కటి పెంచుతూ చూడండి, ఆరు ప్రయత్నాలకు మించి అవసరం ఉండదు.

వాల్తేరు కమాను · ఆదివారం, ఉదయం 9:35

దొరికింది! మొదటి ప్రయత్నంలో పెనం మీద నీళ్లు చిలకరించినట్లు ఒకటే చిటపట. ఒక బైటు జరిపాను, అదే చిటపట. రెండవ బైటుకు మొదట కాసేపు రొద వచ్చి, అంతలో నిశ్శబ్దం, ఒక కుర్చీ కిర్రుమన్న చప్పుడు, ఆ తర్వాత గురువుగారు పంచమం తీగను శృతి చేసుకుంటూ బిరడా తిప్పిన కిరకిర స్పష్టంగా వినిపించాయి. మా ఇంట్లో అందరినీ నిద్ర లేపాను. ఆలాపన మొత్తం ఉంది, తని మొత్తం ఉంది, శాలువా సమయంలో స్టాండుకు కాలు తగిలిన దెబ్బ వరకు ఉంది. తని నుంచి రెండు నిమిషాల ముక్కను ఇక్కడ పెట్టకుండా, మృదంగం వారి అనుమతితో తొప్పివైపు గారికి మాత్రం విడిగా పంపుతున్నాను.

తొప్పివైపు · ఆదివారం, మధ్యాహ్నం 1:10

విన్నాను. గుమికి బ్రహ్మాండంగా వచ్చింది, ఆ హాలులో నేను వాయించినప్పుడు నాకే అలా వినిపించలేదు. కానీ ఆయన ఎడమచేతి వాటం మనిషి కాదు కదా? ఆ వాటం వారే అవతలి పక్క కూర్చుంటారు. మీ రికార్డింగులో మృదంగం కుడివైపు నుంచి వస్తోంది.

వాల్తేరు కమాను · ఆదివారం, మధ్యాహ్నం 1:42

కాదు, ఆయన మామూలుగా శ్రోతలకు ఎడమవైపే కూర్చున్నారు. రెండవ కార్డులోని భాగంలో మృదంగం ఎడమవైపే ఉంది. నేను గమనించలేదు.

సౌండ్ బల్ల · ఆదివారం, మధ్యాహ్నం 2:05

మూడు బైట్ల తేడా ఉంది. నమూనా అంచు సరిగ్గానే కుదిరింది కాబట్టి శబ్దం శుభ్రంగా వచ్చింది, కానీ ఎడమ చానల్ వాటాను కుడి చానల్‌గా చదువుతోంది. 2కు బదులు 5 పెట్టి మళ్లీ దిగుమతి చేయండి. ట్రాకు మెనూలో చానళ్లు మార్చే అంశం కూడా ఉంది గానీ, మొదటి పద్ధతే శుభ్రం. మిక్సర్ లైనుతో కలపడం ఆ తర్వాతే మొదలుపెట్టండి. సన్మానం దగ్గర తెగింది కాబట్టి రెండు ముక్కలనూ విడివిడిగా సరిచూసుకోవాలి, మొదటి ముక్కకు పెట్టిన సవరణ రెండవదానికి కుదరదు.

వాల్తేరు కమాను · తరువాతి బుధవారం, రాత్రి 9:30

కలపడం పూర్తయింది. మైకుల శబ్దాన్నే ప్రధానంగా ఉంచి, మిక్సర్ లైనును దానికంటే 9 డెసిబెల్ తక్కువగా, 6 మిల్లీసెకన్లు ఆలస్యం చేసి కలిపాను. అంతకుమించి పెంచితే వయొలిన్ వేదిక మీద నుంచి లేచి నా ముక్కు ముందుకు వచ్చి కూర్చుంటోంది. అసలు ఫైళ్లను ఫ్లాక్‌లోకి (నాణ్యత పోకుండా కుదించే ఫైలు రకం) మార్చి మూడు చోట్ల ఉంచాను, వాటిలో ఒకటి పాతటేపు గారి సలహా ప్రకారం ఊరు దాటింది.

నిన్న సాయంత్రం గురువుగారికి వినిపించాను. కళ్లు మూసుకుని గంటసేపు ఏమీ అనలేదు. కల్యాణి స్వరకల్పన దగ్గర మాత్రం చెయ్యెత్తి ఆపమని, వెనక్కి తిప్పించి మూడుసార్లు విన్నారు. ‘ఇక్కడ వేలు జారింది, ఎవరికీ తెలియలేదు అనుకున్నాను’ అన్నారు. ఆ కృతిని పంచే కాపీల్లోంచి తీసేయమన్నారు. తన దగ్గర ఉంచుకునే కాపీలో మాత్రం ఉంచమన్నారు. తని మృదంగం వారికి పంపించాను. ఆయన జవాబుగా ఇంకొక తేదీ, ఇంకొక హాలు పేరు రాసి, స్టాండు తీసుకుని రమ్మన్నారు.

ఆ హాలులో ఫ్యాన్లు స్టేజికి సరిగ్గా పైనే ఉంటాయట. మైకు ఎత్తు తగ్గించాలా, ముందుకు జరపాలా అన్నదాని గురించి వేరే చర్చ మొదలుపెడతాను.